సబా అల్ సలేంలో కాపురం, కువైట్ అంతా బజారు

మా బిల్డింగ్‌లోకి ఈమధ్య కొత్తగా ఒక తెలుగు కుటుంబం దిగింది. వచ్చిన వారంలోనే ఆ అమ్మాయి అడిగింది, "అక్కా, ఇక్కడ సామాన్లు ఎక్కడ కొనాలి?" అని. ఒక్క మాటలో తేలేది కాదని కూర్చోబెట్టి, టీ ఇచ్చి చెప్పాను. కొత్తగా వచ్చే మరికొందరికి పనికొస్తుందని అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా జమియా. సబా అల్ సలేంలో ఎక్కడున్నా దగ్గర్లో దాని శాఖ ఒకటి కనిపిస్తుంది. చాలామంది ఇది ప్రభుత్వ దుకాణం అనుకుంటారు, కాదు. ఇది సహకార సంఘం. 1962లో చట్టం వచ్చాక కైఫాన్‌లో మొదలై, ప్రాంతానికొకటి చొప్పున దేశమంతా పాకాయి. ఆ ప్రాంతంలో ఉండే కువైటీలు వాటాదారులు. బిల్లు దగ్గర వాళ్లు తమ బాక్స్ నంబరు చెబుతారు, కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా వాళ్లకు అందుతుంది. మనకా నంబరు ఉండదు, అడిగితే లేదని చెప్పి డబ్బు కట్టి రావడమే. అయినా పాలు, పెరుగు, గుడ్లు, కుబ్బూస్, నీళ్ల సీసాలకు జమియా మంచిదే. ధరలపై వాటి సమాఖ్య అజమాయిషీ ఉంటుంది కాబట్టి వీటికోసం ఊరంతా తిరగక్కర్లేదు. పక్కనే తమ్వీన్ అని ఒక కౌంటర్ ఉంటుంది. అది కువైటీల రేషన్. మొదటి నెలలో నేను బియ్యం చౌక అనుకుని ఆ లైన్లో నిలబడ్డాను!

బియ్యం, పప్పుల సంగతి వేరు. ఇక్కడివాళ్లది బాస్మతి ఇల్లు, మనది సోనామసూరి ఇల్లు. కందిపప్పు, మినపగుళ్లు, ఇడ్లీ రవ్వ కావాలంటే మనకు దగ్గరలో ఖురైన్‌లోని హైపర్ మార్కెట్లు చాలు. గోంగూర, పచ్చి మునక్కాయలు, ఆవకాయ కారం కావాలంటే మాలియా గానీ అబ్బాసియా గానీ వెళ్లాల్సిందే. ఆఫర్ కాగితం చూసి మోసపోకండి. 750 ఫిల్స్ ప్యాకెట్‌లో 900 గ్రాములుంటే కిలో 833 ఫిల్స్ పడుతుంది. పక్కన 820 ఫిల్స్‌కు నిండు కిలో ఉంటే అదే చౌక. నేను చదివిన బీఎస్సీ రోజూ పనికొచ్చేది ఇక్కడే.

ఆకుకూరల దగ్గర పేర్లు మారతాయి కానీ మొక్క మారదు. అరబ్బుల కూరల దగ్గర కట్టలుగా పెట్టే "బర్బీర్" ఏమిటో తెలుసా? మన గంగవాయల కూరే. పప్పులో వేస్తే అదే పులుపు. "హిల్బా" మెంతికూర, "కుజ్బరా" కొత్తిమీర. శీతాకాలంలో వఫ్రా, అబ్దలీ పొలాల టమాటా, దోసకాయ వస్తాయి. అప్పుడే పచ్చళ్లు పెట్టుకోండి. ఎండాకాలంలో వచ్చేవి ఎక్కువగా దిగుమతే, ధరా అలాగే ఉంటుంది.

చేపలకు ఫహాహీల్ లేదా సూక్ షర్క్ మార్కెట్. జుబైదీ అంటే చందువ, కువైటీలకు ప్రాణం, అందుకే ప్రియం. గోదావరి జిల్లాల వాళ్లకు ఒక రహస్యం చెబుతాను. "సుబూర్" అని అమ్మే చేప, మన పులస, శాస్త్రీయంగా ఒకే జాతి. మన దగ్గర గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే, ఇక్కడ షత్ అల్ అరబ్ నదికి ఎదురీదుతుంది. సముద్రంలోనే పట్టింది కాబట్టి ఇది పులస కాదు, విలస అనాలి. ముళ్లు మాత్రం ఏమీ తగ్గవు. ఆవకాయ నూనె వేసి పులుసు పెట్టి చూడండి, మా ఇంట్లో ఆ రోజు ఎవరూ మాట్లాడరు.

బంగారానికి ముబారకియా. 2022 మార్చి చివర్లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగినా ఆ పాత బజారు సందడి సందడే. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇక్కడ 21 క్యారెట్లు ఎక్కువ. నగ మీద 875 ఉంటే అది, 916 ఉంటేనే మన 22. ముద్ర చూశాకే బేరం. పాత సామానుకు, మొక్కలకు అల్ రాయ్‌లోని శుక్రవారం సంత బాగుంటుంది. మాల్స్ గురించి చెప్పేదేముంది, ఎండలో పిల్లల్ని తిప్పడానికి పనికొస్తాయి.

ఇక కార్గో పెట్టె. మాకు తెలిసిన రాయచోటి ఆవిడ ఒక ఇంట్లో పని చేస్తుంది. శుక్రవారం కొన్ని గంటలే సెలవు. మొన్న ఊరికి పంపడానికి పెట్టె నింపుకుని మా ఇంటికి వచ్చింది. సబ్బులు, షాంపూలు, టాంగ్ డబ్బాలు, దుప్పటి, ఖర్జూరం. ఒక్కో దినార్ 270 రూపాయల పైమాటే కదా, కూర్చుని లెక్క వేశాం. సబ్బు తిప్పి చూస్తే "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంది. అక్కడిది ఇక్కడికి వచ్చి, కార్గో కట్టించుకుని మళ్లీ అక్కడికే! సబ్బులు, షాంపూలు తీసేసింది. దుప్పటి, ఖర్జూరం ఉంచింది. టాంగ్ మీద చెయ్యి పెట్టబోతే ఆపేసింది.

"ఇది రాయచోటిలో దొరకదా అక్కా?" అన్నాను.

"దొరుకుతాది మా. కానీ డబ్బా మీద ఈ అరబ్బీ అక్షరాలుండవు గదా. మా జేజి పంపించిందని మనవరాలు వీధంతా చూపిస్తాది."

నేను లెక్క అక్కడితో ఆపి, పెట్టెకు టేపు వేశాను.