చేపల తొట్టి – నీటి వెచ్చదనం

బాలలారా! కొత్త తొట్టిలో నీరు పోయగానే చేపలను వదలకూడదు. ఎందుకో తెలుసా?

చేపల విసర్జనల వలన, కుళ్లిన మేత వలన నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. కంటికి కనబడని కొన్ని బాక్టీరియాలు దానిని నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చుతాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు వలన హాని చాలా తక్కువ.

ఈ బాక్టీరియాలు పెరగడానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. 25–28 డిగ్రీల వెచ్చదనం వాటికి అనుకూలం. ఏ.సి. గదిలో నీరు 20 డిగ్రీలకు చల్లబడితే వాటి పెరుగుదల మందగిస్తుంది. రియాద్ వేసవిలో మేడమీది ట్యాంకు నీరు కాగిపోతుంది. అది నేరుగా పోసినా ముప్పే. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. అది లేనిదే చేపా బ్రతకదు, ఈ బాక్టీరియాలూ పనిచేయవు.

కావున తొట్టిలో థర్మామీటరు ఉంచండి. రోజూ చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యేవరకు ఆగండి. ఆ ఓర్పే చేపలకు ప్రాణరక్ష.