సంతకం వేరు, సమ్మతి వేరు

మిట్టేమరి వైపు మన ఇండ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, పెద్దాసుపత్రి కాగితాలలో తరచు ఇంగ్లీషు. కొత్త మందు పరీక్షకు, అనగా క్లినికల్ ట్రయల్‌కు, మనవారిని పిలిచినప్పుడు ఏ భాషలో అడుగుతారన్నది చిన్న విషయం కాదు.

అట్టి పరీక్షలు లేనిదే వైద్యం ముందుకు సాగదు. 1956లో మదరాసులో 193 మంది క్షయరోగులను, చీట్లు వేసినట్లుగా, రెండు జట్లు చేసినారు. ఒక జట్టుకు శానటోరియంలోను, రెండవ జట్టుకు ఇంటివద్దను ఏడాదిపాటు అవే మందులిచ్చినారు. వైద్యుని ఇష్టానికి వదిలితే జబ్బు తక్కువగా ఉన్నవారంతా ఒకే జట్టులో చేరవచ్చును. అప్పుడు లెక్క చెడుతుంది. సిబ్బంది ఇండ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టినారు, మూత్రం పరీక్షించినారు. ఇంటి వైద్యమూ ఇంచుమించు అంతే గుణమిచ్చినదని 1959లో ప్రకటించినారు. లోకంలో క్షయ వైద్యమే ఆ తరువాత మారినది.

దీనికి రెండవ వైపు కూడ ఉన్నది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను పరిశీలన నిమిత్తం వేలాది బాలికలకు వేసినారు. కొందరు బాలికలు మరణించగా, 2010లో ప్రభుత్వం ఆ పని ఆపించినది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని అనేక పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేసినట్లు బయటపడినది.

మేము కాగితాల మధ్య బ్రతికే గుమాస్తాలము. వేలిముద్ర పడినంత మాత్రాన విషయం బోధపడినట్లు కాదని మాకు తెలుసు. పల్లెవారు అజ్ఞానంచేత ముందుకు రారని కొందరంటారు. మేము ఒప్పుకోము. ఆసుపత్రికి పోయిన నాటి కూలి ఎవరిస్తారు? బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకుంటారు? ఇంట్లో పశువులను ఎవరు చూస్తారు? పథకం వేసేవారు వీటిని లెక్కలోకి తీసుకోకపోతే, వచ్చినవారు కూడ నడుమనే జారిపోతారు.

2019 నాటి నియమాల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో అంతా తెలుపవలెను. చదువురానివారికి పరీక్షతో సంబంధం లేని సాక్షి ఉండవలెను. ఎప్పుడైనా మానుకోవచ్చును. పరీక్షవలన హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయవలెను.

కనుక పాఠకులకు మా మనవి ఒక్కటే. అట్టి పిలుపు వస్తే భయపడి పారిపోనక్కరలేదు. తొందరపడి సంతకమూ చేయవద్దు. “తెలుగులో చెప్పండి, ఇంట్లో పెద్దలతో ఆలోచించి వస్తాము” అని అడగండి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు, మన హక్కు.