తొలి రోడ్‌బైక్: వేగమా... సుఖమా?

సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు... రోడ్‌బైక్‌ని చూడగానే ఎక్కి దూసుకుపోవాలనిపిస్తుంది. కానీ చూపులకే పడిపోయి కొంటే? నెల తిరక్కుండానే నడుం పట్టేస్తుంది, బండి వరండాలో గోడకి చేరుతుంది!

అందుకే ముందు చూడాల్సింది సైకిల్ని కాదు, దారిని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎలాగైనా సాగిపోవచ్చు. అది దిగి కళింగపట్నం తీరానికో, రామతీర్థానికో మళ్లితే ఊరూరా స్పీడ్‌బ్రేకర్లు, అక్కడక్కడా గతుకులు, కోతల కాలంలో రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం!

రోడ్‌బైకుల్లో ప్రధానంగా రెండు రకాలు. రేసు బైకు హ్యాండిలు కిందికి, దూరంగా ఉంటుంది. దాని మీద వంగి తొక్కితే ఎదురుగాలి తక్కువ తగులుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది కాబట్టి, ఆ వంపు బాగా అక్కరకొచ్చేది జోరుగా తొక్కేవాళ్లకే. ‘ఎండ్యూరెన్స్’ రకంలో హ్యాండిలు కాస్త ఎత్తుగా, దగ్గరగా ఉంటుంది. కొత్తవాళ్ల వెన్నుకి ఇదే హాయి.

టైరు సన్నగా ఉంటేనే వేగమన్నది పాతమాట. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లు వాడిన టూర్ డి ఫ్రాన్స్ రేసర్లే ఇప్పుడు 28కి, ఆపైకీ వెళ్లారు. గట్టి టైరు గతుకుల మీద ఎగిరిపడి శ్రమను వృథా చేస్తుంది మరి. మన దారులకి 28 నుంచి 32 మేలు.

కొనేముందు సీటు మీద కూర్చుని, కిందికి దిగిన పెడల్ మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా చాపినట్టుంటే సీటు ఎత్తు ఇంచుమించు సరిపోయినట్టే. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగాలి. హెల్మెట్‌కీ, లైట్లకీ డబ్బు విడిగా ఉంచుకోండి.

ఇరవై కిలోమీటర్లు తొక్కొచ్చాక కూడా మర్నాడు మళ్లీ ఎక్కాలనిపించాలి. రోజూ తొక్కుతుంటే వేగం దానంతటదే వస్తుంది!