పాతబడిన వివాదానికి ముగింపు ఎవరు చెప్పాలి?

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం నెలకొల్పుతామని 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు బలిపెట్టి సాధించుకున్న ఆ కర్మాగారానికి రెండో మూల్యాన్ని గాజువాక పరిసరాల్లోని అరవైకి పైగా గ్రామాలు తమ భూముల రూపంలో చెల్లించాయి. నిర్వాసిత కుటుంబాలకు ఇచ్చిన పునరావాస పత్రాన్ని అక్కడ ‘ఆర్ కార్డు’ అంటారు. కర్మాగారంలో ఉద్యోగం ఆ కార్డుతో ముడిపడగా, వేలమందికి అది దక్కింది, వేలమందికి దక్కలేదు. అర్ధశతాబ్దం గడిచినా విజ్ఞాపనలు ఆగలేదు కనుక, ఇంత పాతబడిన వివాదాన్ని ఇక మూసివేయవచ్చునా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

మూసివేతను సమర్థించే వాదాన్ని తేలికగా కొట్టిపారేయలేము. ఏళ్లు గడిచేకొద్దీ సాక్షులు కన్నుమూస్తారు, కాగితాలు శిథిలమవుతాయి, ఒక్క కార్డుకు పలువురు వారసులు ఏర్పడతారు. అందుకే 1963 నాటి కాలపరిమితి చట్టం, బాకీ వసూలు వంటి దావాలకు సాధారణంగా మూడేళ్లు, స్థిరాస్తి స్వాధీనపు దావాలకు పన్నెండేళ్లు గడువు విధించింది. అదే చట్టం ప్రభుత్వం వేసే దావాలకు మాత్రం ముప్పై ఏళ్లు ఇచ్చిందన్నది పౌరులు గమనించదగ్గ సంగతి. ఒకసారి తేలిన అంశాన్ని అవే పక్షాలు మళ్లీ కోర్టుకెక్కించరాదన్న ‘ప్రాఙ్న్యాయ’ సూత్రం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది.

భూసేకరణలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టంలోని 24వ సెక్షన్ పాత సేకరణలు కొన్ని సందర్భాల్లో రద్దవుతాయని చెప్పడంతో, దశాబ్దాల కిందటి వ్యవహారాలను తిరగదోడే వ్యాజ్యాలు వెల్లువెత్తాయి. 2020 మార్చి 6న ఇండోర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ముగిసిపోయిన సేకరణలకు ఆ సెక్షన్ తిరిగి ప్రాణం పోయదని తేల్చింది. భూమి యాజమాన్యం నిత్యం అనిశ్చితంగా ఉంటే దానిపై ఏ నిర్మాణమూ నిలవదు కనుక, ఈ నిర్ణయం సమంజసమే.

అయితే ఆర్ కార్డుదారుల్లో అత్యధికులు అడుగుతున్నది భూమిని కాదు, భూమికి బదులుగా దక్కవలసిన ఉపాధిని. బాకీల విషయంలో కాలదోషం దావా వేసే దారిని మూస్తుందే తప్ప బాకీని చెరిపివేయదు. గడువు దాటిన అప్పును తీరుస్తానని రుణగ్రస్తుడు రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ మాట చెల్లుతుంది. సామాన్యుడికి వర్తించే ఈ మర్యాదను ప్రభుత్వరంగ సంస్థ పాటించడానికి అడ్డేమీ లేదు.

2021 జనవరిలో కేంద్రం ఈ సంస్థలో పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపి, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. యాజమాన్యం భవిష్యత్తే చర్చలో ఉన్నప్పుడు, కార్డుల దస్త్రం ఏ నిర్ణయమూ లేకుండా అటకెక్కడం సులభం. అది మాత్రం అన్యాయం. గ్రామాలవారీగా కార్డుల జాబితా ప్రచురించి, ఒక్కొక్క కార్డుకు ఉద్యోగమో, పరిహారమో, కారణాలతో కూడిన తిరస్కరణో రాతపూర్వకంగా ఇచ్చిన తర్వాతే ప్రభుత్వం ఈ వివాదాన్ని మూసివేయాలి.