సెలవు మర్నాడే ఆయాసమా?

తుంగభద్ర ఒడ్డున రాజోలి. జోగులాంబ గద్వాల జిల్లాలో మగ్గాన్ని నమ్ముకుని బతికే ఊళ్లలో ఒకటి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఊరిని ముంచేసింది. అయినా నేత ఆగలేదు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు... గద్వాల చీర అందం అందరికీ తెలుసు. ఆ నూలు వెంట ఇంట్లోకొచ్చే దుమ్ము సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

రాట్నం మీద కండెలు చుడుతుంటే, ఆసు పోస్తుంటే, అచ్చు ఆడుతుంటే కంటికి ఆనని పీచు గాల్లోకి లేస్తుంది. చేనేత ఇంట్లో ఇది కాస్త తక్కువే. జిన్నింగ్ మిల్లుల్లో, దారం తీసే మిల్లుల్లో దూది ఏకే గదుల్లో అయితే మంచు కమ్మినట్టే ఉంటుంది. విత్తన పత్తికి పేరున్న గద్వాల ప్రాంతానికి చేలోని పత్తీ, మగ్గం మీది నూలూ రెండూ దగ్గరి చుట్టాలే. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది? ఆ జవాబు వెతుక్కుంటూ వెళితే, ప్రపంచంలో అత్యంత ఖరీదైన మందుల దగ్గర తేలతాం!

సోమవారం జబ్బు
నార దువ్వేవాళ్ల దగ్గు గురించి ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 300 ఏళ్ల కిందటే రాశాడు. తర్వాత దానికి బిస్సినోసిస్ అనే పేరొచ్చింది. దీనికో విచిత్ర లక్షణం ఉంది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం మిల్లులో అడుగుపెట్టగానే ఛాతీ బిగుసుకుపోతుంది. మంగళ, బుధవారాలకు సర్దుకుంటుంది. అందుకే దీన్ని సోమవారం జబ్బు అనేవారు. అమావాస్యకో పండక్కో మగ్గం ఆపే ఇంట్లో అయితే ఆ మర్నాడే ‘సోమవారం’ అన్నమాట! మొదట్లో పని మానేస్తే తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే వారమంతా ఉంటుంది. చివరికి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి.

ఒంట్లో ఓ తలారి
మన రక్తంలో కాంప్లిమెంట్ అనే కాపలా వ్యవస్థ ఒకటుంది. 30కి పైగా ప్రొటీన్ల దండు అది. ఎక్కువ భాగం కాలేయంలోనే తయారవుతుంది. 1890ల్లో బెల్జియం శాస్త్రవేత్త జూల్స్ బోర్డే దీని పనితీరును బయటపెట్టాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన పరిశోధనలకు 1919 నోబెల్ ఆయనకే దక్కింది. యాంటీబాడీల పనిని పూర్తిచేస్తుంది కాబట్టి దీనికి ‘పూరకం’ అనే అర్థమొచ్చే ఆ పేరు.

ఇది మేలుకోవడానికి మూడు దారులున్నాయి. అందులో ఒకటి ఎవరూ పిలవకపోయినా కునుకు తీయకుండా ఊరంతా తిరిగే తలారిలాంటిది. కొత్త ముఖం కనిపిస్తే చాలు, కేకేస్తుంది. ఆ కేకకు తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి. వాపు మొదలవుతుంది. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. సూక్ష్మక్రిమి వస్తే ఇదంతా మంచికే. రోజూ వచ్చే దుమ్ముకు రోజూ కేకలేస్తేనే చిక్కు.

ఈ దారి ఉందని అమెరికా శాస్త్రవేత్త లూయిస్ పిల్లెమర్ 1954లో చెబితే తోటివాళ్లు కొట్టిపారేశారు. ఆయన 1957లో కన్నుమూశాడు. ఆయన చెప్పింది నిజమేనని లోకం ఒప్పుకోవడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

1980 ప్రాంతంలో పరిశోధకులు పత్తి దుమ్ము నుంచి తీసిన సారాన్ని సీరంలో కలిపి చూశారు. పిల్లెమర్ చెప్పిన ఆ దారిలోనే కాంప్లిమెంట్ మేలుకుంది! అలాగని నేరమంతా దానిదే కాదు. పత్తికి అంటుకుని ఉండే బ్యాక్టీరియా విషం, ఎండోటాక్సిన్, అసలు ముద్దాయిల్లో ఒకటని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అంటే పత్తి ఒక్కటే కాదు, దాని మీద పెరిగే క్రిములూ లెక్కలోకి వస్తాయి.

తలారిని ఆపే మందులు
కాంప్లిమెంట్‌ను అదుపు చేసే మందుల కాలం 2007లో ఊపందుకుంది. ఆ ఏడాది అమెరికాలో ఎక్యులిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది. ఎర్ర రక్తకణాలకు సొంత కాపలా నుంచి రక్షణ కవచం లేకుండాపోయే పీఎన్‌హెచ్ అనే అరుదైన జబ్బుకు అది ప్రాణం పోసింది. 2010 నాటికి దాని ధర ఏడాదికి 4 లక్షల డాలర్లు దాటింది. ఆనాటి లెక్కలో కోటీ 80 లక్షల రూపాయల పైమాటే! పిల్లెమర్ దారినే మూసే ఐప్టకోపాన్ అనే గొట్టం మాత్రకు 2023 డిసెంబరులో అనుమతి దక్కింది. రక్తనాళాలు వాచి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతినే ఒక జబ్బుకు 2021 అక్టోబరులో అవకోపాన్ వచ్చింది. కాలేయానికి హాని జరగొచ్చన్న హెచ్చరికా దాంతోపాటే ఉంది.

మరి ఉబ్బసానికి? ఎక్యులిజుమాబ్‌ను ఉబ్బసం రోగుల మీద పరీక్షించారు. అనుమతి దాకా రాలేదు. కోవిడ్ ఊపిరితిత్తులకు దాని తమ్ముడు రవులిజుమాబ్‌ను వాడి చూశారు. ఫలితం కనిపించక 2021 జనవరిలో ఆపేశారు. తీవ్ర కోవిడ్ రోగులకు విలోబెలిమాబ్‌ను 2023 ఏప్రిల్‌లో అమెరికా అత్యవసర వాడకానికి అనుమతించింది. పత్తి దుమ్ము జబ్బుకు మాత్రం ఈ కోవలో ఆమోదించిన మందు ఒక్కటీ లేదు.

పైగా తలారిని పడుకోబెడితే దొంగలకు పండగే. ఎక్యులిజుమాబ్ లాంటి మందులు వాడేవాళ్లకు ప్రాణాంతకమైన ఒక రకం మెదడు పొరల వాపు వచ్చే ముప్పు ఎక్కువ. అందుకే రెండు వారాల ముందే టీకా వేయించుకోమంటారు. ఇంకో మాట. ఈ జబ్బుల్లో కాపలా తక్కువై కాదు, ఎక్కువైతేనే ఇబ్బంది. ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులూ కషాయాలూ ఇక్కడ అక్కరకు రావు.

మందు కాదు, దుమ్ము!
1978లో అమెరికా ప్రభుత్వం మిల్లుల్లో పత్తి దుమ్ముకు హద్దు గీసింది. దారం తీసేచోట ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు మించకూడదంది. యజమానులు కోర్టుకెక్కారు. 1981లో సుప్రీంకోర్టు కార్మికుల పక్షానే నిలిచింది. అక్కడి అధికారుల లెక్కల్లో, 1978లో నూటికి 20 మంది కార్మికుల్లో ఉన్న జబ్బు 1983కల్లా ఒక్కరికి పడిపోయింది. ఏ ఇంజెక్షనూ చేయని పని అది!

మన దేశంలోనూ చట్టం గుర్తించిన వృత్తి జబ్బుల్లో బిస్సినోసిస్ ఉంది. మిల్లులో జబ్బుపడితే దానికో పేరు, ఓ రికార్డు, పరిహారం అడిగే హక్కు ఉంటాయి. ఇంట్లో మగ్గం నేసుకునేవాళ్లు ఫ్యాక్టరీ కార్మికుల లెక్కలోకి రారు. రాట్నం తిప్పే ఇల్లాలు అసలు ఏ లెక్కలోకీ రాదు. వాళ్ల దగ్గు ‘వయసు దగ్గు’గానో ‘బీడీ దగ్గు’గానో మిగిలిపోతుంది. లెక్కలో లేని జబ్బుకు కోట్ల మందు వచ్చినా చేరేది ఎలా? ముందు దానికి పేరు పెట్టాలి. అందుకు ఖర్చేమీ కాదు.

ఇంట్లోనే ఇలా...
* దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ముందు క్షయ కాదని తేలాలి.
* డాక్టరుకు పని సంగతి తప్పక చెప్పాలి. ఆయాసం ఏ రోజు, ఏ పనిలో మొదలవుతోందో రాసుకుని వెళ్లాలి.
* ఈ జబ్బు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష పనికి ముందూ తర్వాతా చేస్తే తేడా తెలుస్తుంది.
* గదిని పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి.
* వీలైతే రాట్నాన్ని గాలాడే వసారాలోకి మార్చాలి. కండువా సన్నటి దుమ్మును ఆపదు. ముఖానికి అతికినట్టుండే ఎన్95 మాస్కు నయం.
* ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది అపోహే. డాక్టరు రాస్తే వాడాల్సిందే.
* దుమ్మూ బీడీ పొగా తోడైతే ఊపిరితిత్తులకు రెట్టింపు దెబ్బ. మగ్గాన్ని మానలేకపోవచ్చు. బీడీని మానొచ్చు.