నొప్పి తగ్గాక వాయిదా వేయకూడని ఆపరేషన్

పొట్ట పైభాగాన మొదలైన నొప్పి వీపులోకి పాకుతుంది. వెల్లకిలా పడుకుంటే భరించలేరు, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. వాంతులు ఆగవు. గ్యాస్ పట్టిందనుకుని ఈనో తాగి తెల్లారేదాకా ఓర్చుకునేవాళ్లు మన ఇళ్లలో చాలామందే. అది గ్యాస్ కాక క్లోమం (పాంక్రియాస్) వాచిందేమో లైపేజ్ అనే రక్తపరీక్షతో చాలావరకు తేలిపోతుంది.

ఇందుకు ముఖ్య కారణాల్లో ఒకటి గాల్‌బ్లాడర్‌లోని రాయి. పెద్ద రాయి కన్నా కిందికి జారగలిగే చిన్న రాయితోనే భయం. పైత్యనాళం, క్లోమనాళం చిన్నపేగులోకి కలిసే చోట ఇరుక్కున్న రాయిని 1901లో జాన్స్ హాప్కిన్స్‌లో యూజీన్ ఓపీ శవపరీక్షలో చూశాడు. అక్కడ అడ్డుపడితే తిండిని అరిగించాల్సిన ఎంజైములు క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి.

చాలామందిలో ఆ రాయి దానంతటదే పేగులోకి జారిపోతుంది. సెలైన్‌తో, మందులతో కొద్దిరోజుల్లో తేరుకుంటారు. అసలు చిక్కు అప్పుడే. నొప్పి పోయింది కదా, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత చూద్దాంలే, విదేశాల్లో ఉంటే ఇండియా వెళ్లినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. నెదర్లాండ్స్‌లో జబ్బు తీవ్రత తక్కువగా ఉన్న 266 మందిని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. సుమారు నెల ఆగినవాళ్లలో 17 శాతం మంది మళ్లీ రాళ్ల బాధతో ఆసుపత్రి పాలయ్యారు. అదే అడ్మిషన్‌లో ల్యాపరోస్కోపీ చేయించుకున్నవాళ్లలో 5 శాతమే. కాబట్టి డిశ్చార్జికి ముందే "గాల్‌బ్లాడర్ ఎప్పుడు తీస్తారు?" అని గట్టిగా అడగాలి.

రాయి జారకుండా జ్వరం, కామెర్లు వస్తే ఈఆర్‌సీపీ చేస్తారు. నోటిగుండా ఎండోస్కోప్ పంపి, నాళం ముఖద్వారాన్ని కొద్దిగా కోసి, బెలూన్‌తోనో తీగబుట్టతోనో రాయిని లాగేస్తారు. 1974లో జపాన్, జర్మనీ వైద్యులు ఈ కోతకు దారివేశారు. దీనివల్లే కొందరికి క్లోమం వాచే ప్రమాదముంది గనుక అందరికీ చేయరు.

జబ్బు ముదిరి క్లోమంలో కొంత భాగం చచ్చి, చీము పడితే మాత్రం తొందర పనికిరాదు. వీలైతే నాలుగు వారాలు యాంటీబయాటిక్స్‌తో నెట్టుకొస్తారు. ఈలోగా ఆ కుళ్లు చుట్టూ గోడ కడుతుంది. ఒకప్పుడు పొట్ట కోసి శుభ్రం చేసేవారు. 2010లో 88 మందితో జరిగిన డచ్ పరిశోధన ఆ పద్ధతిని మార్చింది. ముందు సన్నటి గొట్టంతో చీము తీసి, చాలకపోతేనే చిన్న కోతతో శుభ్రం చేశారు. పెద్ద ఆపరేషన్‌లో 69 శాతం మందికి తీవ్ర సమస్యలో మరణమో ఎదురైతే, ఈ పద్ధతిలో అది 40 శాతం. మూడోవంతు మందికి పైగా ఆ గొట్టమే సరిపోయింది.

ఇప్పుడు చాలాచోట్ల పొట్ట మీద గాటు కూడా ఉండదు. ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ జీర్ణాశయం గోడలోంచి లోహపు స్టెంట్ వేస్తే కుళ్లు జీర్ణాశయంలోకే దిగుతుంది. డాక్టర్ నాగేశ్వరరెడ్డి స్థాపించిన హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు 200 మందికి పైగా రోగుల్లో ఈ చికిత్స ఫలితాలను 2017లో ప్రచురించారు. ఎక్కువమందికి స్టెంట్ ఒక్కటే సరిపోయింది. ఇంత తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు గాల్‌బ్లాడర్‌ను వెంటనే తీయరు. లోపలి వాపు, చేరిన ద్రవం తగ్గాకే ఆ ఆపరేషన్‌కు తేదీ పెడతారు.