ఇంటి చెట్టు - గాలివాన

బంగాళాఖాతపు గాలివానలు మన కోస్తాకు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను, 1996 నవంబరు 6వ తేదీని కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన తుపానును, 2014 అక్టోబరు 12వ తేదీని విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11వ తేదీని ఉద్దానమును ఊడ్చివేసిన తిత్లీని తీరవాసులు మఱవజాలరు. ఇట్టి గాలివాన వెలిసిన పిదప మన వీథులలో కూలిన చెట్లు కొన్ని కానవచ్చును. కూలని చెట్లపై పడిన గొడ్డళ్ళు మఱికొన్ని కానవచ్చును. ఈసారి నిలిచినది రాబోవు తుపానున ఇంటిపై పడునను భయమే ఆ గొడ్డళ్ళను ఎత్తించుచున్నది.

ఆ భయము నిరాధారమని యెవ్వరును అనలేరు. చెట్టు విరిగిపడి ప్రాణములు గోల్పోయినవారు గలరు. కాని నీడలేని పట్టణమున వైశాఖమాసపు ఎండకు అడ్డమేది? పెరటిలో ముప్పదియేండ్లు పెరిగిన చెట్టును ఒక పూటలో కొట్టివేయవచ్చును. తిరిగి సంపాదించుటకు ముప్పదియేండ్లు పట్టును. కావున ఏ చెట్టు నిలుచును, ఏది పడును, నిలుచునట్లు పెంచుట యెట్లు అను విషయమును గృహస్థులు నిదానముగ విచారింపవలసియున్నది.

ముందుగ వేళ్ళ సంగతి. పైన కొమ్మ యెంత యెత్తో క్రింద వేరు అంత లోతని అనేకులు తలంతురు. నిజమునకు పెద్దచెట్ల వేళ్ళలో అధికభాగము పై రెండడుగుల మట్టిలోనే యుండి, కొమ్మల నీడను దాటి నలుదిక్కులకు ప్రాకును. నీటిమట్టము పైకి వచ్చిన డెల్టా భూములలో వేరు ఇంకను పైననే నిలిచిపోవును. గాలి చొరని తడిమట్టిలోనికి అది దిగదు. తుపాను వానకు నేల బురదయైనప్పుడు చెట్టును పట్టి నిలుపునది వెడల్పైన ఆ వేళ్ళ పళ్ళెమే. మనము చేయుచున్నదేమి? ప్రహరీగోడ పునాదికై ఒకవైపు వేళ్ళను తెగగొట్టింతుము. మురుగుకాలువకై మఱియొకవైపు తెగగొట్టింతుము. వాకిట మ్రానును ఆనుకొని సిమెంటు పోయింతుము. పల్లమును మెరక చేయుటకు మొదలుపై మూడడుగుల మట్టి వేయింతుము. చెట్టు వెంటనే చావదు. కొన్నియేండ్లు పచ్చగనే యుండును. ఆ పిమ్మట గాలివాన వచ్చి త్రోసివేయగా చెట్టు చెడ్డదందుము.

కొమ్మల విషయమున జరుగు అపచారము ఇంతకంటె తక్కువది కాదు. గాలి తగులకుండునని చెట్టు తలను మొండెముగ నఱికించు ఆచారము పట్టణములయందు ప్రబలియున్నది. నఱికిన మొండెము కుళ్ళనారంభించును. దానినుండి గుంపులుగ పుట్టు చిగుళ్ళు పైపొరలనే పట్టుకొనియుండి, మూడు నాలుగేండ్లలో ముందటికంటె దట్టముగ పెరుగును. గట్టిగాలి తగిలిన అవియే ముందుగ విరిగిపడును. తల నఱికించుకొన్న చెట్టు ఈ విధముగ మునుపటికంటె అపాయకరమగును.

కొమ్మ తీయుటకు ఒక పద్ధతి గలదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్సు షైగో వేలకొలది మ్రానులను నిలువున చీల్చి పరిశీలించెను. చెట్టు గాయము మన గాయమువలె మానదనియు, చెట్టు ఆ భాగముచుట్టు లోపల గోడ కట్టుకొని దానిని వేఱుపఱచి జీవించుననియు ఆయన చూపెను. కొమ్మ మ్రానుతో కలియుచోట ఉబ్బెత్తుగ కంఠమువంటి భాగ మొకటి యుండును. దానిని కోయక, దాని వెలుపల కోసినచో చెట్టు తానే ఆ గోడ కట్టుకొనును. మ్రానుకు సమముగ చెక్కినను, మూరెడు మోడు విడిచినను కుళ్ళు లోనికి దిగును. బరువైన కొమ్మను ముందు దూరముగ క్రిందినుండి కొంత కోసి, పిదప పైనుండి కోసి పడవేసి, కడపట మిగిలిన మోడును తీయవలెను. అట్లు చేసిన బెరడు చీలదు. కోతపై తారు గాని రంగు గాని పూసినందువలన కుళ్ళు ఆగదు.

మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలందురు. నర్సరీ సంచిలో చుట్టలు చుట్టుకొన్న వేళ్ళను నాటునాడే విడదీసి, విడనివానిని కత్తిరింపవలెను; లేనియెడల అవి పెరిగి మొదలునే బిగించును. మొదటి యేండ్లలో ఒక్క మొవ్వనే నిటారుగ పోనిచ్చి, దానితో సమానముగ పోటీపడు రెండవదానిని తీసివేయవలెను. ఇరుకుగ కలిసిన జంటకొమ్మల నడుమ బెరడు చిక్కుకొని అతుకు బలహీనమగును. తుపానున చెట్టు నడిమికి చీలుట పెక్కుసారులు అచ్చటనే. లేతనాడు కత్తెరతో పోవు పని ముదిరిన పిమ్మట రంపముతోను పోదు.

ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారు 1992 నాటి ఆండ్రూ తుపాను మొదలు 2005 వఱకు కూలిన చెట్లను, నిలిచిన చెట్లను పరిశీలించిరి. వేరు పాఱుటకు చోటున్న చెట్లును, క్రమముగ కొమ్మలు దిద్దిన చెట్లును, ఒంటిగ గాక గుంపుగ పెరిగిన చెట్లును ఎక్కువగ నిలిచినవని వారు తేల్చిరి. మనకును ఇది వర్తించును. త్వరగ పెరిగి పెళుసుబాఱు తురాయి, సుబాబులు, నిద్రగన్నేరు ఇంటికి దూరముగ నుండవలెను. గట్టి కఱ్ఱ గల చింతయు, పొగడయు, తీరపు ఇసుకకు అలవాటుపడిన పొన్నయు, కానుగయు ఆవరణమునకు తగినవి. రావి, మఱ్ఱి గోడప్రక్క నాటదగినవి కావు.

కొబ్బరికి ధర్మము వేఱు. దానికి ఒక్కటే మొవ్వు. అది పోయిన చెట్టే పోవును. గాలికి తేలికయగునని పచ్చిమట్టలు నఱికినచో చెట్టు ఆహారము తగ్గి నీరసించును. ఎండిన మట్టలను మాత్రమే తీయవలెను. తడికాలమున మొవ్వకుళ్ళు సోకును. గోదావరి డెల్టా తాళ్ళకు పట్టిన ఆ తెగులునకు మూలమైన శిలీంధ్రమును బట్లరు 1907లో వర్ణించెను. ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము, నూఱు లీటర్ల నీటితో చేసిన బోర్డో మిశ్రమమును వానలకు ముందే మొవ్వున పోయుట దానికి నివారణము. తుపానున కూలిన కొబ్బరిదుంగలను కుళ్ళనిచ్చినచో కొమ్ముపురుగు వానియందే పెరిగి, నిలిచిన చెట్ల మొవ్వులను తొలుచును. కావున దుంగలను త్వరగ తరలింపవలెను.

గాలివాన వెలిసిన వెంటనే గొడ్డలి పట్టవలదు. ఉప్పుగాలికి ఆకులు మాడి రాలిన చెట్టు చచ్చినదనుకొనరాదు. కొన్నివారములు ఓపినచో పెక్కుచెట్లు మరల చిగిర్చును. పడిన చిన్నచెట్టు వేళ్ళను తడిగోనెతో కప్పి, ఒకటి రెండు దినములలో నిలిపి, మూడువైపుల గుంజలు పాతి మెత్తనిత్రాటితో కట్టి, ఏడాది కాపాడిన బ్రదుకును. పెద్దచెట్టును ఎత్తి నిలుపుట అపాయకరము. విద్యుత్తుతీగలపై ఒఱిగినదానిని ఆ శాఖవారు వచ్చువఱకు ముట్టరాదు.

కొట్టవలసిన చెట్లును గలవు. క్రొత్తగ ఒఱిగి రెండవవైపు మట్టి పైకి లేచినది, మొదట పుట్టగొడుగులు పుట్టినది, మ్రాను అధికభాగము డొల్లయైనది, నిలువున పగిలినది జనులుండుచోట ఉంచదగవు. అప్పుడును 2002 నాటి వాల్టా చట్టము ననుసరించి ముందుగ అనుమతి పొందవలెను.

తుపానులు సాధారణముగ వేసవి తుదినొకసారి, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు మఱియొకసారి మనపైకి వచ్చును. మాఘఫాల్గుణములలో ప్రతి గృహస్థుడును తన చెట్టుచుట్టు తిరిగి మొదలు, కణుపు, కొమ్మ పరీక్షింపవలెను. మ్రానును ఆనుకొన్న సిమెంటును పగులగొట్టించి నాలుగైదడుగుల మట్టి విడువవలెను. పురపాలక సంఘములును వీథిచెట్ల విషయమున ఇట్లే చేయవలెను. కాలువలు త్రవ్వించునపుడు వేళ్ళను తప్పించి త్రవ్వింపవలెను. దీనికి పెద్ద వ్యయము కాదు. రాబోవు గాలివానకు ముందే ఈ పని జరుగుట అవసరము.